చేసిన వైపు, చేయని వైపు

ఆ రోజు నేను నోరు తెరవకూడదు. అది మా అమ్మాయి పెట్టిన షరతు.

"వస్తే రా. మూలన కుర్చీ వేస్తాను, కూర్చో. కానీ అయ్యో అనకూడదు, అమ్మో అనకూడదు, ముక్కుతో కూడా చప్పుడు చేయకూడదు" అంది, బయల్దేరబోతూ నన్ను గుమ్మంలో నిలబెట్టి మరీ.

"తుమ్మొస్తే?"

"బయటికెళ్ళి తుమ్ము."

మా అమ్మాయిని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉండేది. ఊపిరి ఆడుతోందో లేదోనని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడది నాకంటే పొడుగు, నాకంటే గట్టి మనిషి. అయినా నా వేలు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది నాకు.

నాకు భయం ఎక్కువ. ఇందులో దాచుకోవడానికేముంది? పొయ్యి కట్టేశానో లేదోనని సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చిన మనిషిని. ఫోను మోగి ఆగిపోతే, ఎవరికో ఏదో అయిందని చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాను. ఎక్కువ చదువుకోలేదు గానీ, రోగాల గురించి కాగితం ముక్క కనపడితే మాత్రం వదలను. పొట్లం కట్టిన కాగితమైనా సరే విప్పి, సాపు చేసి చదువుతాను. మా అక్క నాకు సైరన్ అని పేరు పెట్టింది. "మా సైరన్ మోగిందంటే హాయిగా పడుకోవచ్చు. ఎక్కడా నిప్పు లేదని అర్థం" అంటుంది.

పిచ్చుక చేసేది ముఖానికి మర్దన. ఫేస్ మసాజ్ అంటారు కదా, అది. ఒక బ్యూటీ పార్లర్‌లో పని. ముడతలు పడిన మొహాన్ని, జారిన చెంపల్ని, కోత లేకుండా, సూది లేకుండా, వట్టి చేతుల్తో నిగారింపుకి తెస్తారు. శ్రద్ధగా నేర్చుకుంది. ఏ ఎముక మీద ఎంత బరువు వేయాలో, కంటి కింద చర్మాన్ని ఎంత మెల్లగా తాకాలో గంటల తరబడి చెబుతుంది. నాకు మాత్రం ఆ మాటలు వింటుంటేనే కళ్ళు నొప్పి పుట్టేవి. కంటి నరం నలిగితే? దవడ జారితే? నేర్చుకునే రోజుల్లో "అమ్మా, ఒక్కసారి నీ మొహం ఇవ్వవే" అని బతిమాలేది. నేను ఇవ్వలేదు. అక్క ఇచ్చింది. వారం వారం వచ్చి పడుకునేది. అలా దాని చేతులకి మా అక్క మొహం కంఠతా వచ్చేసింది.

ఈ షరతు ఊరికే రాలేదు. అంతకుముందోసారి నేను పార్లర్‌కి వెళ్ళినప్పుడు, ఒకావిడ మర్దన మధ్యలో నోరు తెరుచుకుని కదలకుండా పడి ఉంది. "అమ్మో, ఊపిరి లేదు!" అని కేక పెట్టాను. ఆవిడ నిద్రపోతోంది, అంతే. ఉలిక్కిపడి లేచి, మొహం నిండా నూనెతోనే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పిచ్చుక నాతో చాన్నాళ్ళు ముభావంగా ఉంది.

ఇప్పుడు పార్లర్ మేడమ్ దానికో అవకాశం ఇస్తానంది. వెనక గది ఖాళీగా ఉంది. పని చేసి చూపించు, తేడా కనపడేలా ఫోటోలు రావాలి, అవి గోడకి పెడదాం, నచ్చితే ఆ గది నీదే అంది. చూపించడానికి ఒక మొహం కావాలి. అక్క, "నా మొహం ఉందిగా, ఇంకెవర్నో ఎందుకు దేవులాడతావ్" అంది.

అక్కకీ దాని అవసరం దానికుంది. పెళ్ళి చేసుకోలేదు. బట్టల షాపులో పని చేస్తూనే ఈడు గడిచిపోయింది. తలుపు తీయగానే ఎదురుగా ఉండే కౌంటర్ దానిది. వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించి, ఏ మూల ఏముందో చెప్పి పంపిస్తుంది. కొత్తగా వచ్చిన మేనేజర్, "ముందు కౌంటర్‌లో కాస్త ఫ్రెష్‌గా ఉండేవాళ్ళు కావాలండీ. మీరు గోడౌన్ చూసుకోండి" అన్నాడట. అక్క మాకు నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ రోజు చేసిన టీ చేసినట్టే చల్లారిపోయింది. "మొహం కోయించుకునేంత ధైర్యం లేదు. పిచ్చుక చేతుల్తో అయ్యేదేదో అవనీ" అంది.

అలా మేం ముగ్గురం ఆ వెనక గదిలోకి వెళ్ళాం. ఇరుకు గది. కిటికీకి తెల్ల తెర. మధ్యలో సన్నటి బల్ల, తల దగ్గర స్టూలు. వేడినీళ్ళ గిన్నెలో నూనె సీసా నిలబెట్టి ఉంది. పక్కనే దూది, ఆవిరి పట్టిన చిన్న తువ్వాళ్ళు. నన్ను మూలన కుర్చీలో కూర్చోబెట్టి, పిచ్చుక పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించింది. నేను తలూపాను.

వీళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. తేడా చూపించాలంటే ముందు సగం మొహానికే చేస్తారు. కుడివైపంతా పూర్తి చేసి, మనిషిని లేపి కూర్చోబెట్టి, అద్దం చేతికిచ్చి నవ్వమంటారు. చేసిన వైపు చెంప ఎర్రబడి, నిండుగా, పైకి లాగినట్టుంటుంది. చేయని వైపు ఎప్పట్లాగే ఉంటుంది. కళ్ళతో చూశాక ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. అప్పుడు రెండో సగం చేస్తారు.

మేడమ్ ఫోను పట్టుకుని, "నవ్వకండి. చేయకముందు ఫోటోలో నవ్వకూడదు" అంది.

"అదేం?" అంది అక్క.

"ముందు ఫోటో దిగులుగా ఉండాలి, తర్వాతది నవ్వుతూ ఉండాలి. అప్పుడే తేడా బాగా తెలుస్తుంది."

"ఓస్, ఇదా మీ కిటుకు!" అని అక్క పకపకా నవ్వేసింది. ఫోను ఆ నవ్వునే పట్టుకుంది. మేడమ్ విసుక్కుని ఇంకోటి తీసింది.

అక్క బల్ల మీద వెల్లకిలా పడుకుంది. "మరీ తగ్గించేయకే పిచ్చుకా. షాపు గుర్తింపు కార్డు మీద ఫోటోకి నాకూ పోలిక కుదరకపోతే లోపలికి రానివ్వరు."

"మాట్లాడకు పెద్దమ్మా, చెంపలు కదుల్తాయి."

"గుండె దడదడలాడుతోందే, పరీక్ష రాయబోతున్నట్టు. ఈమధ్య ఊరికే కూర్చున్నా ఇలాగే కొట్టుకుంటోంది."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊరికే కూర్చుంటే గుండె ఎందుకు కొట్టుకుంటుంది? ఎప్పట్నుంచి? నోరు తెరిచాను. పిచ్చుక కళ్ళెత్తి నావైపు చూసింది. నోరు మూసేశాను.

మొదట భుజం ఎముక దగ్గర మొదలుపెట్టింది. తర్వాత మెడ. చెవి కిందనుంచి మెడ పక్కగా కిందికి, అరచేత్తో, కుడివైపు మాత్రమే. బరువు వేయలేదు, చర్మం మీద జారినట్టే జారింది. అయినా అది మెడ. మెడలో ఏముంటాయో నేను చదివాను. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. ఆ తర్వాత దవడ అంచు వెంట వేళ్ళ కణుపులతో, ముక్కు పక్కనుంచి చెవిదాకా, నుదుటి మీద కనుబొమ నుంచి పైకి, పిచ్చుక చేతులు పనిలో పడ్డాయి. గదిలో నూనె వాసన, తెర కదిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. అక్క సన్నగా గురక పెట్టింది. గురక వినపడితే నాకు నెమ్మది. ఊపిరి ఉన్నట్టే కదా.

కుడి సగం అయ్యాక వేడి తువ్వాలు కప్పి, తీసి, "లే పెద్దమ్మా" అంది.

అక్క చప్పున లేవలేకపోయింది. పిచ్చుక, మేడమ్ చెరోవైపు పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఒళ్ళు... తేలిపోతోందే" అంది అక్క. మాట నోట్లోనే నానుతున్నట్టుగా వచ్చింది.

"అందరూ ఇలాగే అంటారు. మంచి మత్తుగా ఉంటుంది" అంది మేడమ్ సంబరంగా.

పిచ్చుక అద్దం తెచ్చి అక్క ఎడమచేతిలో పెట్టింది. అద్దం జారి ఒళ్ళో పడింది. "నూనె అంటుకున్నట్టుంది" అని పిచ్చుక అద్దం పిడిని తుడిచింది. నూనె పిచ్చుక చేతులకుంది. అక్క చేతికి ఎక్కడిది? ఈసారి అక్క కుడిచేత్తో పట్టుకుంది.

"నవ్వు పెద్దమ్మా."

అక్క నవ్వింది. కుడివైపు పెదవి చివర చక్కగా పైకి లేచింది. చెంప నిండుగా, మెరుస్తూ ఉంది. ఎడమవైపు లేవలేదు. ఆ పెదవి అలాగే, తడి బట్ట దండెం మీద వేలాడినట్టు ఉండిపోయింది.

మేడమ్ చప్పట్లు కొట్టింది. "అబ్బబ్బ! ఇంత తేడా నేనెప్పుడూ చూళ్ళేదు! కదలకండి, కదలకండి" అంటూ ఫోటో మీద ఫోటో తీసింది. పిచ్చుక మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. నావైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

నేను చూశాను. వాళ్ళు చేసిన వైపు చూస్తున్నారు, నేను చేయని వైపు చూస్తున్నాను. మా ఆయన మోకాలి నొప్పికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, వరండాలో గోడకి ఒక బొమ్మ ఉండేది. సగం నోరు జారిన మనిషి బొమ్మ. దాని కింద రాసిందంతా వచ్చే పోయే జనం మధ్య నిలబడి చదివాను. మా ఆయన పిలుస్తున్నా కదల్లేదు. ఆ బొమ్మ ఇప్పుడు నా ఎదుట బల్ల మీద కూర్చుని నవ్వుతోంది.

కాదేమో. మర్దన వల్లే అలా కనపడుతోందేమో. ఈ పని తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి తెలీదా? మళ్ళీ కేక పెట్టి ఈ గది కూడా పోగొడితే నా కూతురు నా మొహం చూస్తుందా?

"నీళ్ళు" అంది అక్క. మేడమ్ గ్లాసు అందించింది. ఒక గుక్క తాగింది. నీళ్ళు ఎడమ పెదవి చివరనుంచి గడ్డం మీదికి కారిపోయాయి. అక్కకి తెలియలేదు. తుడుచుకోలేదు. మేడమ్ నవ్వుతూ దూదితో అద్దింది.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది.

"అక్కా, రెండు చేతులూ పైకెత్తు."

"అమ్మా!" అంది పిచ్చుక.

"రెండు చేతులూ ఎత్తవే అక్కా, నీకు దణ్ణం పెడతాను."

"అమ్మా, నువ్వు మాటిచ్చావు!"

"ఏవిటండీ ఇది" అంది మేడమ్.

అక్క సగం నవ్వుతోనే చేతులు ఎత్తింది. "ఇదిగో... మోగింది... సైరన్" అంది. కుడిచెయ్యి నిలబడింది. ఎడమది కాసేపు గాలిలో ఊగి, మెల్లగా, ఎవరో కిందికి లాగుతున్నట్టు దిగిపోయింది. అక్క ఆ చేతివైపు చూసింది. ఎవరో తమ చెయ్యి తన పక్కన పెట్టి వెళ్ళినట్టు చూసింది.

పిచ్చుక ముందుకొచ్చి, తన అరచేతిని అక్క ఎడమ చెంప మీద, తను ఇంకా తాకని చెంప మీద, ఆనించింది. "బుగ్గ పూరించు పెద్దమ్మా." అక్క ఊదింది. గాలి ఆ పక్కనుంచి తుస్సుమని పోయింది. దాని చేతులకి ఆ మొహం కంఠతా వచ్చని చెప్పాను కదా. చెయ్యి తీయకుండానే పిచ్చుక మొహం పాలిపోయింది.

"మేడమ్, కారు" అంది.

మేడమ్ కారు నడిపింది. వెనక సీట్లో అక్క తల పిచ్చుక ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. నేను ఆ కాళ్ళని రుద్దుతూనే ఉన్నాను. రుద్దితే వచ్చేదేం లేదని తెలుసు, ఆపితే ఏదో అవుతుందని భయం. ఎర్ర దీపం పడ్డ ప్రతిచోటా నా ప్రాణం పైకే పోయింది. ఆ దారంతా నేను ఒక్క మాటనే పట్టుకుని వేలాడాను. పిచ్చుక ముట్టుకున్నది కుడివైపు. పడిపోయింది ఎడమవైపు. నా పిల్ల చేతులు అటు పోనేలేదు. నా పిల్లకి ఏ సంబంధమూ లేదు.

మేడమ్ ముందు అద్దంలోంచి నన్ను చూసింది. "అమ్మగారూ, మసాజ్ సంగతి ఇప్పుడెందుకు చెప్పడం? పార్లర్‌కి వచ్చి కూర్చున్నారు, కూర్చున్నచోటే ఇలా అయింది. అది చాలదా?"

"చాలు" అన్నాను. వెంటనే అన్నాను. "జుట్టు కత్తిరించుకోడానికి వచ్చిందని చెబుదాం. విన్నావా పిచ్చుకా?"

పిచ్చుక విన్నట్టు లేదు. అక్క గడ్డం మీది తడిని తుడుస్తోంది.

ఆసుపత్రిలో చక్రాల బల్ల మీద అక్కని లోపలికి తోసుకుపోయారు. ఒక డాక్టరమ్మ మాతో పాటే గబగబా నడుస్తూ అడిగింది. "ఎప్పుడు మొదలైంది? చివరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు? పక్షవాతంలా ఉంది. ఆ టైమ్ కరెక్ట్‌గా తెలిస్తేనే రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వగలం. ఆలస్యమైతే ఆ మందే ప్రమాదం."

"పార్లర్‌లో... జుట్టుకి..." అని నేను మొదలుపెట్టాను.

"ఫేస్ మసాజ్ చేశాను, డాక్టర్" అంది పిచ్చుక. "నేనే చేశాను. పడుకునే ముందు బానే ఉంది. లేపాక ఇలా ఉంది."

"పడుకునే ముందు బాగుందని ఎలా చెబుతావ్? నవ్విందా? సరిగ్గా చూశావా?"

పిచ్చుక మేడమ్ వైపు తిరిగింది. మేడమ్ ఫోనుని గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. అందులో ఉన్న ఫోటోల్లో అక్క వెనక గోడ మీద పార్లర్ పేరు పెద్దక్షరాలతో ఉంది. ఆ పేరు కోసం ఆవిడ ఎంత కష్టపడిందో నాకు తెలియంది కాదు. ఫోను ఇవ్వదనుకున్నాను. ఒక్క క్షణం ఇవ్వకపోతే బాగుండుననిపించింది కూడా, నా పిల్ల తప్పించుకుంటుందని. అక్కడ బల్ల మీద ఉన్నది నా తోడబుట్టింది.

మేడమ్ ఫోను తెరిచి డాక్టరమ్మ చేతికిచ్చింది. మొదటి ఫోటో. నవ్వకండి అంటే పకపకా నవ్వేసిన ఫోటో. రెండు పెదవి చివరలూ సమానంగా చెవులదాకా పోయి ఉన్నాయి. దాని మీద టైమ్ పడి ఉంది.

"ఇది చాలు" అని డాక్టరమ్మ లోపలికి అడుగేసి, మళ్ళీ ఆగింది. "మెడకి కూడా చేశావా?"

"చేశాను."

"ఏ వైపు?"

"కుడివైపు. కుడివైపొక్కటే" అన్నాను నేను అడ్డం పడి. "పడిపోయింది ఎడమవైపండీ. ఎడమవైపు దీని చెయ్యే పడలేదు."

డాక్టరమ్మ నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. "ఎడమవైపు ఒంటిని నడిపించేది కుడివైపు మెదడమ్మా. దానికి రక్తం మెడలో కుడివైపు నుంచే వెళ్తుంది. మెడ కూడా స్కాన్ చేస్తాం" అని వెళ్ళిపోయింది.

దారంతా నేను పట్టుకుని వేలాడిన తాడు అక్కడ తెగింది.

మేం బెంచీ మీద కూర్చున్నాం. పిచ్చుక తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వాటిని ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. ఆ చేతులనుంచి ఇంకా నూనె వాసన వస్తోంది. మంచి వాసనే.

"నేను బరువు వేయలేదమ్మా" అంది.

"వేయలేదు. నేను చూశాను."

"నీకెలా తెలుస్తుంది? నాకే తెలియడం లేదు. వేయలేదనుకుంటున్నాను. వేశానేమో."

ఇన్నేళ్ళుగా నేను వెయ్యి భయాలు పడ్డాను. బస్సులకి భయపడ్డాను, కుక్కలకి భయపడ్డాను, జ్వరానికి భయపడ్డాను. నా ఇద్దరు మనుషుల్ని ఒకేసారి, ఒకదాని చేత్తో ఇంకొకదాన్ని పోగొట్టుకుంటానన్న ఊహ మాత్రం ఎన్నడూ రాలేదు. మెడలో రక్తనాళం చిట్లితే అక్క పోతుంది. అక్క పోతే ఈ పిల్ల బతికుండీ లేనట్టే. అప్పుడు గుర్తొచ్చింది, గుండె దడదడలాడుతోందే అన్న మాట. నేను నోరు మూసుకున్న మాట. లేచి పరుగెత్తి, తెర పక్కన కనపడిన నర్సుని పట్టుకుని, "మా అక్క గుండె అని చెప్పండి, ఊరికే కూర్చున్నా కొట్టుకుంటోందని చెప్పండి" అన్నాను. ఆ నర్సు సరేనంది. నేను వదల్లేదు. నా ముందే చెప్పమన్నాను.

తిరిగొచ్చి కూర్చుని నేను మనసులో ఏం కోరుకున్నానో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. గుండెదే అవనీ, మెడది కాకపోతే చాలు, మా అక్క గుండే చెడి ఉండనీ అని కోరుకున్నాను. గుండె జబ్బు అన్న మాట వింటేనే వణికే నేను, నా తోడబుట్టినదానికి అది ఉండాలని దండాలు పెట్టుకున్నాను.

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి ముందు పిచ్చుకే లేచింది.

"మందు ఇచ్చాం. చెయ్యి కాస్త కదుపుతోంది. మెడ రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అక్కడ కట్టిన గడ్డ మెదడుకి పోయింది. మీ మసాజ్ వల్ల వచ్చినట్టు ఏం కనపడలేదు."

"కనపడలేదా, లేదా?" అంది పిచ్చుక.

డాక్టరమ్మ ఒక్క క్షణం దాన్ని చూసింది. "లేదు" అంది.

మేడమ్ గోడకి జారబడి ఏడ్చేసింది. నేను ఏడవలేదు. ఆ "లేదు" ముందు ఆవిడ ఎందుకాగిందా అని ఆలోచిస్తున్నాను.

అక్కని మా ఇంటికే తెచ్చుకున్నాం. కర్ర పట్టుకుని నడుస్తోంది. మాట తేటపడింది. ఎడమ పెదవి చివర మాత్రం, బాగా అలిసిన రోజు కాస్త జారుతుంది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని బుగ్గలు పూరించడం, ఈల వేసినట్టు పెదవులు ముడవడం, ఇవన్నీ చేయమన్నారు. చేస్తూ మధ్యలో నన్ను వెక్కిరిస్తుంది.

"ఇన్నేళ్ళకి ఒక్కసారి నిజమైంది. ఇక నిన్ను పట్టుకునేదెవరే తల్లీ?"

"నవ్వకు, నవ్వకు, గుండెకి మంచిది కాదు."

"చూశావా, మొదలెట్టింది. మేనేజర్ ఫోన్ చేశాడే. గోడౌన్‌లో కుర్చీ వేయిస్తాడట. ముందే చెప్పుంటే మొహం తోమించుకునేదాన్నే కాదు, ఎగిరి గంతేసి కుర్చీలో కూర్చునేదాన్ని."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నీ భయమే కాపాడింది అన్నారు. వాళ్ళకేం తెలుసు? నా భయం ఇప్పుడు రెట్టింపయింది. అక్క నిద్రపోతుంటే తలుపు సందులోంచి చూస్తాను. నవ్వితే రెండు వైపులూ చూస్తాను. పాలవాడు నవ్వినా చూస్తాను.

అయితే నాకు అన్నిటికంటే గుబులు పుట్టించింది పిచ్చుక. అది మళ్ళీ ఎవరి మొహమూ ముట్టుకోలేదు. వెనక గది నీకే ఉంచానని మేడమ్ కబురు చేసింది. పోలేదు. ఒక మధ్యాహ్నం అక్క, "ఈ జారిన వైపు కాస్త రుద్దవే, ఆసుపత్రివాళ్ళు కూడా రుద్దించుకోమన్నారు" అంటే, పిచ్చుక చేతులు చున్నీలో చుట్టుకుని గోడవైపు తిరిగింది. "నావల్ల కాదు పెద్దమ్మా. ఏదన్నా అయితే?"

ఏదన్నా అయితే. ఆ మాట నాది. ఆ గొంతు నాది. దీనికి నా పొడుగు రాలేదు, నా రంగు రాలేదు. భయమొక్కటీ రాకపోతే చాలనుకున్నాను ఇన్నాళ్ళూ.

నేను వెళ్ళి అక్క మంచం పక్కనున్న బల్ల మీద దిండు వేసి వెల్లకిలా పడుకున్నాను.

"ఏంటే అది?" అంది అక్క.

"నూనె వేడిచెయ్యి" అన్నాను పిచ్చుకతో.

అది నమ్మలేదు. అక్క మాత్రం కర్రతో నేలని టకటకా కొట్టి, "సైరన్ పడుకుందిరోయ్! మేలుకోక ముందే కానిచ్చెయ్యవే" అని అరిచింది.

నా చేతులు దుప్పటి అంచుని పట్టుకుని ఉన్నాయి. కంటి నరం, దవడ, మెడ, అన్నీ ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి. లేచి పారిపోదామనిపించింది. పిచ్చుక నూనె గిన్నె తెచ్చి తల దగ్గర నిలబడింది. దాని చేతులు నా మొహం మీదికి వచ్చి, తాకకుండా గాలిలోనే ఆగిపోయాయి. కిందనుంచి చూస్తే ఆ చేతులు ఎంత చిన్నగా ఉన్నాయో.

"మెడ వద్దు" అంది.

"నీ ఇష్టం."

"ముందు నవ్వు."

"ఏంటి?"

"ఇకనుంచి ముందే నవ్వించి చూస్తాను. ఎవరినైనా. నవ్వు, తర్వాత రెండు చేతులూ ఎత్తు."

నేను నవ్వాను. నవ్వుతూనే చేతులెత్తాను. అది వంగి నా మొహాన్ని చూసింది, కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. చాలాసేపు చూసింది.

"ఏంటే? ఏమైంది? అంతసేపు చూశావేం?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే అంతసేపెందుకు చూస్తారు? ఎటువైపు? ఎడమవైపా?"

"అమ్మా. మాట్లాడకు. చెంపలు కదుల్తాయి."

దాని అరచేతులు నా చెంపల మీద ఆనాయి. వెచ్చగా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను, దుప్పటి అంచుని మాత్రం వదల్లేదు.